బావ మీద ఒక్క పేజీ

మే 4, ఆదివారం

మనిషి పోయి వారం. ఈ వారంలో నా చెవిన పడ్డవన్నీ కలిపితే తేలిందేమిటంటే, పురానాపూల్‌లో పుట్టినవాళ్ళలో సీమోను ఒక్కడే మనిషి. తక్కిన మేమంతా ఆయన కుండీల్లో పీకడం మరిచిపోయిన గడ్డి.

నాకు అభ్యంతరం ఉంది. భార్యను బాగా చూసుకున్నాడట. చూసుకోక? పిల్లవాడికి జ్వరమొస్తే సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడట. కూర్చోక? బస్సుల వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ఒక్క సాయంత్రం కూడా చాయ్ హోటల్ దగ్గర ఆగకుండా ఇంటికొచ్చి, మేడ మీద రంగు డబ్బాల్లో దొండపాదుకు నీళ్ళు పోసి, ఆదివారం చర్చి అయ్యాక చెక్కపని చేసుకున్నాడట. ఇదంతా ఆడది చేస్తే సంసారం, మగవాడు చేస్తే సాక్ష్యమా? ఈ మాట సమాధుల తోట గేటు దగ్గర పైకే అన్నాను. స్వరూప విన్నది. స్వరూప ఆయనకు చెల్లెలు, నాకు భార్య. ఈ వారంగా మొదటిది మాత్రమే.

ఎవరెవరో వచ్చారు. జుమ్మెరాత్ బజారులో పాత తలుపులూ కిటికీలూ అమ్మే గౌస్ భాయ్ కూడా చేతికర్ర పట్టుకొని వచ్చి గుప్పెడు మట్టి వేశాడు. ఇరవై ఆరేళ్ళ కింద నా రాతబల్ల కొన్నది ఆయన దగ్గరే. నన్ను చూసి తల దించుకున్నాడు. దుఃఖం కాబోలు.

సాయంత్రం సీమోను కొడుకు డానియేలు వచ్చాడు. తండ్రిలాగే చెప్పులు గోడకు ఆనించి విడిచి, తండ్రిలాగే కుర్చీ చివర కూర్చున్నాడు.

"మామా, నలభయ్యో దినం ప్రార్థన కూడిక పెడుతున్నం. నాయిన ఫొటో వేసి కాగితం అచ్చు కొట్టిస్తం. అండ్ల ఆయన గురించి ఒక్క పేజీ ఉండాలె. అది కూడికల నువ్వే చదవాలె. అమ్మ నీతోనే రాపియ్యమన్నది."

వాడు వెళ్ళాక స్వరూపకు ఫోన్ చేసి, ఇంటికి ఎప్పుడొస్తావన్నాను.

"ఆ పేజీ రాయి, వైకుంఠం. మా అన్నది రాయి, నీది కాదు. సరిగ్గ రాసిన దినం వస్త."

రాయకపోతే అన్నాను.

"రాయకపోతె ఈడనే ఉంట. మొక్కలకు నీళ్ళు పొయ్యాలె గద."

పేరు పెట్టి పిలవమని పెళ్ళయిన కొత్తలో నేనే పట్టుబట్టి నేర్పాను. 

ముప్పై ఏళ్ళుగా మంత్రులనూ మఠాలనూ తోటి రచయితలనూ ఉతికి ఆరేసినవాణ్ణి. ఒక వడ్రంగి మీద ఒక్క పేజీ నాకు లెక్కా?

మే 5

'వడ్రంగి' అని రాశాను, చిన్నచూపుతో. శ్రమ శ్రమ అని గొంతు చించుకునేవాణ్ణి నేనే. కొట్టేయాలి. కొట్టేయను. ఒకసారి రాసింది కొట్టేసే అలవాటు నాకు లేదు.

మే 9, శుక్రవారం

పేజీ అయింది. పేజీ అంటే నాలుగు. బస్సుల్లో చెక్క పోయి రేకు రావడంతో మొదలుపెట్టి, కాంట్రాక్టు కూలీల మీదుగా, చేతిపనిని చంపిన మార్కెట్ దాకా తీసుకెళ్ళాను. ఈ మధ్య రాసినవాటిలో ఇదే బలమైనది. డానియేలు ఫోన్‌కు పంపాను.

గంటలో స్వరూప ఫోన్.

"ఇండ్ల మా అన్న ఏడున్నడు?"

మూడో పేజీలో ఉన్నాడు, నైపుణ్యమున్న కార్మికవర్గం అన్నచోట, అన్నాను.

"ఆయన వర్గం కాదు. ఆయనకు పుదీన వాసన పడకపోతుండె. తెలుసా నీకు?"

తెలియదు. ఒక మనిషికి పుదీనా పడకపోవడంలో ఏం ప్రాధాన్యం ఉందో కూడా తెలియదు. ఐనా అందరికీ తెలిసిన ఆ ఒక్క సంగతి నాకు తెలియదన్నది రోజంతా గుచ్చుతూనే ఉంది. నాకు ఏ వాసన పడదో స్వరూపను అడిగితే చెబుతుందా? అడగలేదు. 

మే 10

అన్నం మాడింది. తిన్నాను.

మే 14, బుధవారం

రెండో పేజీ రాసుకొని స్వయంగా పురానాపూల్ వెళ్ళాను. బహదూర్‌పురా నుంచి ఎంత దూరం? పది నిమిషాలు. ఈ పది నిమిషాల దూరాన్ని ఇరవై ఆరేళ్ళు నేను సంవత్సరానికి రెండుసార్ల కన్నా ఎక్కువ దాటలేదు.

స్వరూప మేడ మీద ఉంది. కొంగు బొడ్డులో దోపుకొని మగ్గుతో నీళ్ళు పోస్తోంది. గోడ మీద సీమోను పెన్సిల్‌తో రాసి పెట్టుకున్న పట్టీ ఉంది: మల్లెకు రెండు మగ్గులు, నిమ్మకు మూడు, కరివేపాకుకు ఒకటి, బచ్చలికి పొద్దునా సాయంత్రం. కింద 'ఎండ ముదిరితే దొండ ఎక్కువ అడుగుతుంది, ఇయ్యాలె' అని. ఆమె దాన్ని చూడకుండానే పోస్తోంది. నేను వచ్చానని తెలిసినా నిమ్మ దగ్గర మూడో మగ్గు అయ్యేదాకా తిరగలేదు. నా చేతిలో కాగితం చూసి, తడి చేతులు కదా, అక్కడ పెట్టు అన్నది.

పెట్టడానికి మేడగదిలోకి వెళ్ళాను. అక్కడ మంచం ఉంది. ఆ మంచమే.

మా పెళ్ళికి సీమోను తన చేత్తో చేసి తోపుడు బండి మీద తెచ్చిన మంచం. టేకు, ఒక్క మేకు లేదు, చెక్కలోకి చెక్క దిగేసిన అతుకులు. నా వాళ్ళు బేగంబజార్‌లో పప్పుల హోల్‌సేల్ వాళ్ళు. క్రైస్తవుల పిల్లను చేసుకున్నానని నన్ను దుకాణం మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. నేను మాత్రం ఏ ఇంటి దగ్గరా చెయ్యి చాపలేదని నిరూపించుకోవాలి. పేరు మార్చుకొచ్చిన కట్నమే ఇది అని మంచాన్ని బండి దింపకుండానే వాపసు పంపించాను. దాని మీద వ్యాసం కూడా రాశాను. చాలా ఉత్తరాలొచ్చాయి. నీ చేతి వస్తువేదీ నా గడప దాటకూడదు బావా అని ఆయన ముఖం మీదే చెప్పాను. ఆయన బండి తోలేవాడికి మంచినీళ్ళు ఇప్పించమని మాత్రం అడిగి, నడుచుకుంటూ వెనక్కి పోయాడు.

ఇప్పుడు దాని మీద స్వరూప దుప్పటి మడిచి ఉంది. పదిహేడు రోజులుగా ఆ మంచం మీదే పడుకుంటోంది. నేను ఎవరి మీద ఈర్ష్యపడుతున్నాను? చచ్చిపోయినవాడి మీదా, నాలుగు కోళ్ళున్న చెక్క మీదా?

కింద డానియేలు తండ్రి చేసిన సామానంతా పోగేస్తున్నాడు, కూడిక రోజున చర్చి వరండాలో పెడతారట. పీటలు, ఉయ్యాల, మందుల పెట్టె, ఎవరి ఇంటిదో చెప్పుల స్టాండు. ఒక పీటను తిరగేసి నాకు చూపించాడు. వెనక ఎడమ మూల అడుగున బియ్యపు గింజంత సిలువ.

"ఏది చేసినా నాయిన ఈడ ఉలితోని గీస్తడు మామా. ఇది ఉంటె ఆయనదే. ఏ ఇంట్ల ఏమున్నదో అన్నీ పట్టుకొస్తున్న."

మా ఇంట్లో నీకు పని లేదులే, అక్కడ ఆయనది ఒక్కటీ లేదు, అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. సీమోను భార్య మాణిక్యమ్మ చేతిలో చాయ్ కప్పుతో వస్తూ ఆగి, మెట్లు దిగుతున్న స్వరూప వైపు చూసింది. తర్వాత చక్కెర సరిపోయిందా అన్నా అని అడిగింది. ఇంకా నోట పెట్టుకోలేదు నేను.

రెండో పేజీ కూడా వాపసు. "మంచిగ రాసినవ్. ఎవలు సచ్చినా చదవొచ్చు" అన్నది స్వరూప.

మే 18, ఆదివారం

స్రవ్య వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టింది. నా కూతురు, ఏడేళ్ళప్పుడు, రెండు చేతులతో రందా పట్టుకొని చెక్క నున్నగా చేస్తోంది; వెనక నుంచి సీమోను చేతులు ఆ చిన్న చేతుల మీద. కింద 'మామ నేర్పిన మొదటి పని' అని. ఆ వయసులో నేను దానికి ఏం నేర్పానా అని ఆలోచించాను. నినాదాలు నేర్పాను. బాగా అరిచేది. ఫొటోలు కూడా ఉండాలి.

ఫోన్ చేసి, నీకు చెక్కపని వచ్చని నాకెప్పుడూ చెప్పలేదే అన్నాను. నువ్వు అడగలేదు కదా డాడీ అన్నది. పాపం, మామూలుగానే అన్నది.

మే 22, గురువారం

మూడో పేజీ మొదలుకావడం లేదు. మొదలుకానప్పుడు ఏం చేస్తాను? పాత పుస్తకాలు తీసి నన్ను నేను చదువుకుంటాను.

పదిహేనేళ్ళ కిందటి వ్యాసం దొరికింది, 'పేరులేని చేతికి'. ఈ రాతబల్ల మీదే. అందులో ఒక పేరా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, బాగుంది కనుక: 'ఈ బల్లను ఎవరు చేశారో నాకు తెలియదు. పాత బజారులో కొన్నాను. దీని అతుకుల్లో మేకు లేదు, దీని అంచుల్లో అహంకారం లేదు. సంతకం పెట్టుకోని ఆ కార్మికుడి ముందు, ప్రతి వాక్యానికీ పేరు వేసుకునే నేను సిగ్గుపడుతున్నాను.'

ఇలాంటిది ఈ నగరంలో ఇంకెవరు రాశారు? 

ఒక్క సొరుగే దరిద్రం. వానకాలం వస్తే బిగుసుకుపోతుంది. ఏటా తన్ని తెరవాల్సిందే. వ్యాసంలో ఆ సంగతి వదిలేశాను, కార్మికుణ్ణి నొప్పించడం ఎందుకని.

మే 25, ఆదివారం

పెన్ను మూత కింద పడి బల్ల వెనక్కి దొర్లింది. ఫోన్ టార్చి వేసి దూరాను. వంగినవాణ్ణి ఎందుకో మూల కేసి కూడా వేశాను. వెనక, ఎడమవైపు.

సిలువ లేదు.

లేదు. స్పష్టంగా రాసుకుంటున్నాను, లేదు. బొటనవేలంత మేర చిన్న పల్లం ఉంది, అంతే. చెక్క అన్నాక ఎక్కడో ఒకచోట పల్లం ఉంటుంది. వేలు పెట్టి చూస్తే మిగతా అడుగంతా గరుకు, ఆ పల్లం ఒక్కటే నున్నగా ఉంది. రందా పట్టినట్టు. టార్చిని పక్కనుంచి వేస్తే పల్లం అంచున సన్నటి గీత తోక.

మేకు లేని అతుకులు వేసేవాళ్ళు ఊళ్ళో వందమంది ఉన్నారు.

మే 26

యాభై మంది ఉండొచ్చు.

మే 29, గురువారం

జుమ్మెరాత్ బజారుకు వెళ్ళాను. గురువారమే కదా ఆ సంత. గౌస్ భాయ్ అదే చోట, నిలబెట్టిన పాత తలుపుల ముందు గోనె పరుచుకొని కూర్చున్నాడు. నన్ను చూడగానే సమాధుల తోటలోలాగే తల దించాడు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది అర్థమైపోయింది. ఐనా అడిగాను. నేను సాక్ష్యం లేకుండా దేన్నీ ఒప్పుకునే రకం కాదు.

"వో మేజ్? వో తో సీమోన్ భాయ్‌కా థా సాబ్" అన్నాడు. ఆ బల్ల సీమోనుదట. "జబాన్ దియా థా, మాటిచ్చిన. ఆయన ఉన్నన్ని దినాలు చెప్పొద్దన్నడు. ఇగ ఆయనే లేడాయె."

పాత టేకు తలుపులు గౌస్ దగ్గరే కొనేవాడట సీమోను. ఆ స్నేహంతో తన చేత్తో చేసిన బల్లకు మట్టి పులిమి, పాతదానిలా కనిపించేట్టు చేసి ఇక్కడ పెట్టాడట. ఫలానా గురువారం ఫలానా మనిషి మా చెల్లెల్ని వెంటబెట్టుకొని వస్తాడు, ఇంకెవరికీ అమ్మొద్దు అన్నాడట.

నేను ఆ రోజు ఎంత బేరం చేశానో నాకు గుర్తుంది. వ్యాపారం వద్దనుకున్నా రక్తం వదలదని నవ్వుతూ వంద చోట్ల చెప్పుకున్నాను కూడా. ధర దించాలంటే సరుకును తిట్టాలి, మా నాయన దగ్గర నేర్చిన విద్య. చేసినవాడికి పని రాదన్నాను. కోళ్ళు వంకరన్నాను. సొరుగు లాగి ఊపి, వదులుగా ఉంది, గలగల అంటోంది, ఏ చేతగానివాడు చేశాడు దీన్ని అన్నాను. అబద్ధం. సొరుగు పట్టులా కదిలింది.

"మీరు గట్ల అంటున్నరు" అన్నాడు గౌస్ భాయ్, కర్రతో వెనకకు చూపిస్తూ, "ఆయన ఈ తలుపుల ఎన్కనే నిలబడి ఉన్నడు. నేను జల్ది ఒప్పుకోకపోతే ఎన్క నుంచి నా కమీజ్ గుంజుతుండె. ఇచ్చెయ్ భాయ్, ఇచ్చెయ్ అని."

ఆ తలుపుల వెనకకు వెళ్ళి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. ఒక మనిషి నిలబడేంత చోటుంది. 

జూన్ 1

ఆయన నాకు దానం చేశాడు. నేను దానానికి వ్యతిరేకిని. కాబట్టి కోపం రావడం సహజం. ఇది కోపమే.

జూన్ 2, సోమవారం

తెలంగాణ అవతరణ దినం మైకుల మధ్య నడిచి పురానాపూల్ పోయాను. మేడ మీద ఆమె ఒక్కతే. నీకు తెలుసా అన్నాను. ఏది అని అడగలేదు.

"నేనే గద నిన్ను బజారుకు తోల్కపోయింది."

మగ్గు కింద పెట్టింది. "నువ్వు మోకాళ్ళ మీద అట్ట పెట్టుకొని రాస్తుంటివి. మెడ గుంజి రాత్రంత మూలుగుతుంటివి. అన్నకు నేనే చెప్పిన. ఇస్తె తీస్కోడు, కొంటె తీస్కుంటడు అన్నడు అన్న."

ఇంకెంతమందికి తెలుసు అన్నాను. అందరికీ అన్నది. మాణిక్యమ్మకు, డానియేలుకు, పాస్టరుకు, చివరికి స్రవ్యకు.

"నవ్వుకున్నారా?"

"నవ్వినోళ్ళు నా ఇంటికి రావద్దన్నడు."

అంటే నా వెనక నవ్వు కూడా లేదు. కనీసం నవ్వి ఉంటే ఇప్పుడు నాకు పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. ఆ బల్ల మీద కూర్చొని నేను ఆయన ప్రార్థనలను, ఆయన పాస్టరును, చేతిపని తృప్తిలో పడి పోరాటం మరిచే మనస్తత్వాన్ని తిడుతూ రాసినవన్నీ ఆయన చదివేవాడా అన్నాను. డానియేలుతో చదివించుకునేవాడట. కొన్ని బాగున్నాయనేవాడట. ఏవి? అడగబోయి ఆగాను. 

సిలువ చెరిపేశాడు కదా అన్నాను. ఆమెకు అది కొత్త. తెలియదన్నది. దొండతీగను పందిరి మీదికి సర్దుతూ, "అలవాటు కొద్ది గీసుంటడు. ఎవలకు చేస్తున్నడో యాదికొచ్చి తీసేసుంటడు" అన్నది.

అప్పుడు సొరుగు సంగతి చెప్పింది.

"అది వదులు లేకుండె, వైకుంఠం. నువ్వు బేరానికి అన్నవ్. అన్న నిజమనుకున్నడు. తెల్లారి బండెక్కించేలోపు రెండు దిక్కుల పల్చటి చెక్క అతికిండు, గట్టిగ కూసోవాలని. వానకాలం అది ఉబ్బింది. నువ్వు తంతున్నవని చెప్పిన దినం అన్నం సగంల లేసిండు. ఒక్క సూత్ తీస్తె చాలు స్వరూపా, ఒక్క సూత్, అంటుండె. వాన పడ్డప్పుడల్ల అడుగుతుండె, ఇంక బిగుసుకుంటుందా అని."

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పది నిమిషాల దూరంలో రందా పెట్టుకొని, ఇరవై ఆరు వానకాలాలు.

నువ్వైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తె దాన్ని బయట పెడుదువు. ఈ మంచం లెక్క."

వాదించడానికి నోరు తెరిచాను. వీధి మైకులో ఎవరో త్యాగాల గురించి మాట్లాడుతున్నాడు. మగ్గు అందుకొని నిమ్మకు పోయబోయాను. దానికి అయిపోయింది అన్నది ఆమె.

జూన్ 3

రాశాను. అరపేజీ. డానియేలుకు పంపాను. స్వరూప నుంచి ఫోన్ రాలేదు. డానియేలు మాత్రం 'ప్రెస్‌కు ఇచ్చిన మామా' అని మెసేజ్ పెట్టాడు.

జూన్ 5, గురువారం

నలభయ్యో రోజు. చర్చి వరండాలో సీమోను చేసినవన్నీ వరసగా పెట్టారు. ముప్పై నలభై ఉంటాయి. వాటి చివర నా బల్ల. పొద్దున్నే డానియేలు, వాడి స్నేహితుడు వచ్చి మోసుకెళ్ళారు. నేనే రమ్మన్నాను. నేనే ముందు పట్టుకొని గడప దాటించాను.

చదవమన్నారు. చదివాను:

'సీమోను నా భార్యకు అన్న, నాకు బావ. ఆయన మంచం చేసి తెస్తే నేను వాపసు పంపాను. తర్వాత ఆయన చేసిన బల్ల మీదే ఇరవై ఆరేళ్ళు రాసుకున్నాను, ఆయన చేసిందని తెలియక. దాన్ని కొన్న రోజు తలుపుల వెనక ఆయన వింటుండగా ఆయన పనిని తిట్టాను. ఆ తిట్లు అబద్ధం. ఆయన వాటిని నమ్మి, లేని లోపాన్ని సరిచేశాడు. బల్ల అడుగున అలవాటుగా గీసిన సిలువను, నాకు కిట్టదని తనే చెరిపేశాడు. నేను రాసినదాంట్లో ఎవరి కోసమూ ఒక్క మాట చెరపలేదు. ఆయన ఏ మొక్కకు ఎన్ని నీళ్ళో గోడ మీద రాసి పెట్టాడు, చెల్లెలు ఇప్పుడు పోస్తోంది. ఆయనకు పుదీనా వాసన పడదు.'

తలుపుల వెనక సంగతి చదువుతున్నప్పుడు మాణిక్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, తర్వాత ఏడ్చింది. నేను నిజం చెప్పుకుంటే అడుగడుగునా నా తప్పే ఉంది అందులో. ఐనా అయిపోయాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకొని ఏమన్నదో తెలుసా? మీ బావ ఎంత మంచోడు బిడ్డా, అన్నది. ఇంకొకాయన కూడా అదే. పాస్టరు కూడా అదే. నా పశ్చాత్తాపం సైతం ఆయన ఖాతాలోకే పోయింది.

స్వరూప నా దగ్గరికి వచ్చి అచ్చు కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. బాగుందని అనలేదు. రాసినవాణ్ణి నేను, మడిచి గుండె దగ్గర పెట్టుకున్నది ఎవరిని?

జూన్ 6

వచ్చింది. ఆటోలో, రెండు రంగు డబ్బాలతో. ఒకదాంట్లో దొండ, ఒకదాంట్లో నిమ్మ. 

జూన్ 14, శనివారం

నిన్నటి నుంచి వాన. సొరుగు బిగుసుకుంది. తన్నలేదు.

కూడిక నుంచి బల్ల తెచ్చిన రోజే డానియేలు తండ్రి రందాను కూడా తెచ్చి పెట్టి, వాన పడితే చెప్పు మామా, ఒక్క సూత్ తీసేస్తా అన్నాడు. వాడికి చెబుదామనే అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. తండ్రి చేశాడు, తండ్రి బిగించాడు, ఇప్పుడు కొడుకు వదులు చేయాలా? ఈ బల్ల మీద నా చెయ్యి ఒక్కటైనా పడొద్దా?

సొరుగు పీకి, నేల మీద కూర్చొని, ఆ పల్చటి పట్టీ మీద రందా పెట్టాను. రానేలేదు. తర్వాత జర్రున వచ్చింది. చెక్క పొర ఉంగరంలా చుట్టుకొని ఒళ్ళో పడింది. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే. ఇంకోసారి లాగాను. రెండో పక్కా లాగాను. ఇరవై ఆరేళ్ళ నాటి చెక్క, లోపల వాసన ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్క సూత్ ఎప్పుడు దాటానో నాకు తెలియదు.

సొరుగు పెట్టాను. లోపలికి జారిపోయింది. అంతే వేగంగా బయటికి జారి నా కాలి మీద పడింది.

చప్పుడుకు స్వరూప వంటింట్లోంచి వచ్చింది. నేలంతా చెక్క పొరలు, మధ్యలో నేను. ఆమె సొరుగు తీసి పెట్టి, వేలితో తోసింది. పోయింది, వచ్చింది. మళ్ళీ తోసింది. పోయింది, వచ్చింది. అక్కడే గోడకు చేరగిలబడి కూర్చొని నవ్వడం మొదలుపెట్టింది. నలభై ఎనిమిది రోజుల తర్వాత. కళ్ళు తుడుచుకుంటూ, కిటికీలో నిమ్మమొక్క ఉన్న వైపు తిరిగి, "ఇగో అన్నా, ఇప్పుడైంది వదులు" అన్నది.

నాతో కాదు.

ఇది రాస్తుంటే బల్ల కదిలినప్పుడల్లా సొరుగు గలగల అంటోంది. ఆ రోజు బజారులో నేను అన్న మాట ఇరవై ఆరేళ్ళకు నిజమైంది. ఎవరితో వాదించి గెలవాలి ఇప్పుడు?